మా వదిన దాచిన గిల్టు నగలు

మా వదిన పోయిందన్న కబురు వచ్చేసరికి నేను జలంత్రకోటలో మా దొడ్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాను. ఫోన్ చేసింది మా అమ్మాయి. “నాన్నా, పెద్దమ్మ ఎలిపోనాది” అంది. చేతిలో కాయ సగం ఒలిచి ఉంది. దాన్ని పూర్తిగా ఒలిచి కుప్పలో వేసి, కాళ్లు కడుక్కుని, మా ఆవిడను తీసుకుని పలాస బస్సెక్కాను.

ఎనభై దాటిన మనిషి. కొద్దిరోజులు జ్వరంతో మంచాన ఉంది. ఆ పొద్దున్న టీ అడిగిందట. టీ పట్టుకొచ్చేసరికి లేదు. పెద్దగా బాధ పడకుండా వెళ్లిపోయిందని వచ్చినవాళ్లంతా అన్నారు. నేనూ అన్నాను.

ఆవిడ మా అన్న భార్య. అన్న పోయి చాలా ఏళ్లయింది. పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో వాళ్లకో చిన్న ఫ్యాన్సీ కొట్టు ఉంది. గాజులు, రిబ్బన్లు, పిన్నీసులు, తిలకాలు. ముందు కొట్టు, వెనక కాపురం. ఆ వెనక గదిలో అటక మీద, మంచం కింద, బీరువా మీద అన్నీ బిస్కెట్ల రేకు డబ్బాలే. డబ్బాల నిండా పాత గిల్టు నగలు. బంగారం కాదు. ఒక్కటి కూడా బంగారం కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కర్మకు వచ్చిన చుట్టాల్లో కొందరు ఆ డబ్బాలను వేరే కళ్లతో చూశారు. అవి ఇత్తడి, రాగి, పైన పూత, గాజురాళ్లు, అంతే.

ఆ డబ్బాలను ఏం చేయాలన్నదే ఆవిడ పోయాక మా ఇంట్లో మిగిలిన ప్రశ్న. పాతసామాన్ల బండికి వేసేద్దామని ఆవిడ కొడుకు. వద్దని మా అమ్మాయి. మా అమ్మాయికి వాటి మీద ఎంత ప్రాణమో ఈ రాసింది చదివితే మీకే తెలుస్తుంది. పోయినవాళ్ల గురించి రాసేచోట సంతోషం అన్న మాట రాయకూడదేమో. కాని నాకిప్పుడు కడుపు నిండా సంతోషంగా ఉంది, దాచుకోవడం చేతకాదు. ఆ సంతోషం కూడా మా వదిన పెట్టిందే.

పాత గిల్టు ఇస్తే కొత్త గాజులు అని మా వైపు ఫ్యాన్సీ కొట్లలో ఒక పద్ధతి ఉండేది. పూత పోయిన దుద్దులో, రాయి ఊడిన నెక్లెసో తెచ్చి ఇస్తే బదులుగా చేతినిండా గాజులు తొడిగి పంపేవారు. వచ్చిన పాత నగ తూకానికి పాతసామాన్ల బండికి పోయేది. మా అన్నా అలాగే చేసేవాడు. ఒకసారి జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే ఒకావిడ దుద్దులిచ్చి గాజులు వేయించుకుంది. మర్నాడు కొట్టు తెరవకముందే వచ్చి నిలబడింది. గాజులన్నీ తీసి కొంగున కట్టి తెచ్చింది.

“నా దుద్దులు నాకిచ్చీ బాబూ” అంది.

దుద్దులు ముందురోజు సాయంత్రమే బండిలో పోయాయి. మా అన్న కొత్త జత ఒకటి తీసి చూపించాడు. అంతకంటే మంచివే. ఆవిడ వాటివైపు చూడనైనా చూడలేదు. కొంగు విప్పి గాజులు బల్ల మీద పెట్టి, వట్టి చేతులతో వెళ్లిపోయింది.

మా వదిన కూడా పెళ్లికి ముందు కార్ఖానాలో పిక్కలు కొట్టిన మనిషి. లోపలి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ రోజు నుంచి కొట్టుకు వచ్చిన పాత నగ ఒక్కటి కూడా బండికి వెయ్యనివ్వలేదు. మా అన్న విసుక్కునేవాడు.

“ఏటే ఈ తుక్కు? ఇల్లంతా సిలుము కంపు.”

“నీ సుట్ట కంపు కన్నా నయమే” అనేది.

ఆవిడ దగ్గర ఒక కట్టడి ఉండేది. నగ ఇచ్చినవాళ్లు ఎప్పుడొచ్చి అడిగినా ఇచ్చేసేది. ఏళ్ల తర్వాత వచ్చినా సరే. ఇచ్చినావిడ పోయి కూతురు వచ్చినా సరే. గాజుల మాట ఎత్తేది కాదు. “నానేటి కొన్నానా? దాసినాను” అనేది. ఎక్కడా రాసుకోలేదు, చీటీలు కట్టలేదు. ఆవిడకు చదువు రాదు. నగను తిరగేసి చూస్తే ఎవరిదో ఆవిడకు తెలిసేది.

ఎలా తెలిసేదో నేను చెప్పగలిగినంత చెబుతాను. మిగతాది మా అమ్మాయిని అడగాలి.

ముందు పాతదో కాదో చూసేది. పాత దుద్దుల వెనక బిగించే మర చేత్తో చేసింది. ఏ దుద్దు మర ఆ దుద్దుకే పడుతుంది, రెండోదానికి ఎక్కించబోతే సగంలో పట్టేస్తుంది. పాత రాయిని చుట్టూ అంచు నొక్కి పట్టి ఉంచుతారు, జిగురుతో అంటించరు. రాయి వెనక తళుకు రేకు ఉంటుంది. లోపలికి నీళ్లు పోతే రేకు నల్లబడి రాయి గుడ్డిదవుతుంది. అలాంటి గుడ్డిరాయి కనిపిస్తే మా వదిన ముఖం వెలిగేది. గిల్టు నగలకు పేరుపడ్డ చిలకలపూడి నుంచి వచ్చిన పాత సరుకైతే అరచేతిలో వేసి ఊపేది, ఆ బరువుకే పోల్చుకునేది. గుండ్లపేరులో గుండ్లకు లక్క నింపారో లేదో చెవి దగ్గర పెట్టి ఆడించి చెప్పేది. వన్ గ్రామ్ గోల్డ్ అని ఇప్పుడు దొరికేవి ఎవరైనా తెస్తే తీసుకునేది కాదు. “అవి పడుసోలు. ముందు ముసిలోలు కానీ” అని పంపేసేది.

ఆ తర్వాత ఎవరిదో చూసేది. జీడిపిక్కలు కొట్టే చేతులకు జీడిసొన అంటుకుని ఉంటుంది. ఎంత కడిగినా పోదు. ఆ చేత్తో రోజూ మర తిప్పుకుంటే మర చుట్టూ నల్లగా దిగిపోతుంది. అది పలాస మనిషి దుద్దు. సముద్రం ఒడ్డున బారువ వైపు ఉప్పుగాలికి రాగి పచ్చబడి లోపలికి తినేస్తుంది. టెక్కలిలో గుమస్తాల ఇళ్లవైతే ట్రంకుపెట్టెలో పడి ఉంటాయి కాబట్టి పూత బాగుంటుంది, కలరా ఉండల వాసన వస్తుంది. ఇంతవరకు నేనూ చెప్పగలను. ఇదే పలాసలో, ఇదే కార్ఖానాలో పనిచేసిన ఇద్దరి దుద్దులు పక్కపక్కన పెట్టి ఇది ఈవిడది, ఇది ఆవిడది అనడం మాత్రం మా వదిన వల్లే అయ్యేది.

మా అమ్మాయి మాకు లేకలేక పుట్టిన పిల్ల. దాని గురించి మొదలెడితే ఆపనని మా ఆవిడ అంటుంది, నిజమే. బడి సెలవులిస్తే చాలు, పెద్దమ్మ దగ్గరికి పలాస పరుగెత్తేది. ఒక వేసవిలో నేను కొబ్బరికాయలు పట్టుకుని వెళ్లేసరికి మా వదిన సంతకు పోయి ఉంది. పిల్ల అరుగు మీద కూర్చుని ఒక డబ్బాడు దుద్దులు చింతపండు, బూడిద వేసి తోముతోంది. ఇత్తడి చెంబులు తోమడం అప్పుడే నేర్చుకుంది మరి. తోమినవన్నీ పాత పేపరు మీద వరసగా ఆరబెట్టింది. ఎండకు ధగధగలాడుతున్నాయి. నాకు గర్వం ఆగలేదు. మా వదిన సందు మొదట్లో కనిపించగానే కేకేసి పిలిచాను, మా గుంట ఎంత పనిమంతురాలో చూడు వదినా అని.

ఆవిడ సంచి కింద పెట్టి, ఒక దుద్దు తీసి, మర వైపు తిప్పి చూసింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. తర్వాత మెల్లగా కూర్చుంది.

“ఇది ఎవులిదే అమ్మీ?”

“కొట్టుది పెద్దమ్మా.”

“కొట్టుది కాదే. ఒకావిడిది. పిక్కలు కొట్టీ సేత్తోనే పొద్దూ మాపూ తిప్పుకునీది. ఆ నలుపే ఆవిడి. దాన్ని నువ్వు కడిగీసినావు.”

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

“ఏడకు. ఏడిస్తే నలుపొస్తాదేటి?” అని, దాన్ని ఒళ్లోకి లాక్కుని, మాసిన దుద్దు ఒకటి, తోమిన దుద్దు ఒకటి దాని రెండు చేతుల్లో పెట్టింది. “సూడు. మెరుపు అందరిదీ ఒకటేనే. అరుగుదలే ఎవులిది ఆలది.”

అప్పుడు నాకా మాట పూర్తిగా అర్థం కాలేదు. పిల్లకు అయింది. ఆ సెలవులన్నీ అది మళ్లీ చింతపండు జోలికి పోలేదు. పగలంతా డబ్బాలు ముందేసుకుని ఒక్కొక్కటీ తిరగేసి చూడడమే. పెద్దయ్యాక బస్సులో కూర్చున్నా పక్కవాళ్ల ముఖం చూడదు, చెవులు చూస్తుంది.

ఒక నగ పట్టుకుని, ఇది ఇలాంటి మనిషిది పెద్దమ్మా అంటే మా వదిన “ఊఁ” అనేది. తప్పు చెప్పినా ఊఁ, ఒప్పు చెప్పినా ఊఁ. “ఒక్కసారైనా అవునే అనదేటి నాన్నా?” అని మా అమ్మాయి నా దగ్గర గునిసేది. నేను వెళ్లి అడిగాను. మా వదిన గాజులు సర్దుతూ, “నాను అవునంటే అది సూడ్డం మానేస్తాది మరిదీ” అంది.

కన్ను అంత పదునైనా నోరు మాత్రం కట్టేసుకునేది. తుఫానుకు మా ఉద్దానం ఊళ్లలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకు ఒరిగిన ఏడాది, ఆ తర్వాతి ఏడాది పెళ్లిళ్లకు వెళ్తే చాలామంది మెడల్లో గిల్టే. అంతకుముందు బంగారం పెట్టుకున్నవాళ్లే. ఒక పెళ్లిలో మా అమ్మాయి మా వదిన చెవిలో ఏదో గుసగుసలాడబోయింది. ఆవిడ దాని తొడ మీద గట్టిగా గిల్లింది. బయటికొచ్చాక అంది, “కంటికి తెలిసింది నోటికి తెలీకూడదే.” ఆ మాటకు ఆవిడ ఎంత కట్టుబడి ఉండేదో నాకు నా ఉంగరం చెప్పింది.

నా పెళ్లికి మా మావగారు ఉంగరం పెట్టారు. ఎర్రరాయి ఉంగరం. నేను దాన్ని ఊరంతా చూపించుకున్నాను. ఏళ్ల తరబడి చేతికి ఉంది. ఒక వానాకాలం నాట్లు వేసి వచ్చి చెయ్యి కడుక్కుంటే వేలు చుట్టూ పచ్చటి చార. మా వదిన ఇంటికి పరుగెత్తాను.

“వదినా, ఇది గిల్టేటి?”

“ఇప్పుడు తెలిసిందేటి?”

“నీకెప్పుడు తెలుసు?”

“పీటల మీదే తెలుసు.”

“మరి అప్పుడే సెప్పలేదేటి?”

“సెప్తే ఏటి సేసీవోడివి? పీటల మీంచి లెగిసి ఎలిపోదువా? ఎలిపోతే ఇంత మంచి పెల్లాం దొరుకునా నీకు?”

నా వెనకే వచ్చిన మా ఆవిడ నవ్వి నవ్వి కూలబడింది. తనకూ మొదటి నుంచి తెలుసట. ఉంగరం తీసి మా వదినకే ఇచ్చేశాను. అది కూడా ఆ డబ్బాల్లో ఎక్కడో ఉంది.

మా అమ్మాయి పెళ్లయ్యాక కాశీబుగ్గలోనే కాపురం పెట్టింది. మధ్యాహ్నం పనులు కాగానే కొట్టుకు వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చునేది. ఆఖరి ఏళ్లలో మా వదినకు చూపు మందగించింది. నగ అందుకుని గోటితో అంచులు తడిమేది. మా అమ్మాయి చూసినది చెప్పేది, ఆవిడ తడిమినది చెప్పేది. ఇద్దరూ ఒక దుద్దు మీద ఒక పూటంతా గడిపేవారు. కొనడానికి వచ్చినవాళ్లు పిలిచి పిలిచి వెళ్లిపోయిన రోజులూ ఉన్నాయి.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. మా అన్న కొడుకు టెక్కలిలో ఆఫీసులో గుమస్తా. మంచివాడు, తల్లిని బాగా చూసుకున్నాడు. కొట్టు మూసేద్దామన్నాడు. డబ్బాల సంగతి వచ్చేసరికి అన్నాడు:

“నాకూ బాధే చిన్నాన్నా. కాని అమ్మ తలకాయలో ఉన్నది ఈ డబ్బాల్లో లేదు కదా. ఏది ఎవరిదో తెలిస్తేనే అది దాచడం. తెలీకపోతే తుక్కే.”

అతని మాటలో తప్పు లేదు. మా అమ్మాయి అంది, “నాకు తెలుస్తాది అన్నయ్యా.”

“అన్నీనా?”

“అన్నీ కాదు.”

“అమ్మకి అన్నీ తెలిసేవే సెల్లీ. ఎవరైనా వస్తే నీకు తెలిసినవి ఇస్తావు. తెలీనోలకి ఏటి సెప్తావు?”

అది తలొంచుకుంది. మర్నాడు బండివాడిని రమ్మన్నానని అతను చెప్పాడు. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం కెలికి లేచిపోయింది. నా బిడ్డ అలా ఉంటే నేను చూడలేను. అలాగని ఏం చేయగలను?

మర్నాడు పొద్దున్న డబ్బాలన్నీ దించి అరుగు మీద పెట్టాం. అప్పుడొచ్చింది ఒకావిడ. అరవై పైబడి ఉంటాయి. బారువ నుంచి వచ్చిందట. ఆటో సందు మొదట్లో ఆపుకుని నడిచి వచ్చింది.

“కొట్టమ్మ నేదేటి?”

మా అమ్మాయి సంగతి చెప్పింది. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది.

“తీసి ఉంచుతానన్నాదే మరి” అంది.

“ఏటమ్మా?”

“మాయమ్మ జూకాలు. ఎర్రరాల్లవి. నా పెల్లికి గాజులు నేకపోతే అమ్మ సెవులివి తీసి ఇక్కడ ఇచ్చీసినాది. నాకన్న పెద్దది మా అప్ప ఇచ్ఛాపురం నుండి వచ్చి మా ఇంటికాడ ఉన్నాది. దానికి కల్లు ఆనవు, సూపు పోనాది. అమ్మ జూకాలు ఒక్కసారి తడిమి సూత్తానంటంది. పోయిన నెల వొచ్చి అడిగితే ఎతికి ఉంచుతాను రా అన్నాది.”

మా అమ్మాయి నా వైపు చూడలేదు, వాళ్లన్నయ్య వైపు చూడలేదు. చాప పరిచి, జూకాల డబ్బాలు తెచ్చి గుమ్మరించింది. కుప్ప పడింది. అందులో ఎర్రరాళ్లవే ఎక్కువ. ఆవిడ వంగి రెండు మూడు తీసి చూసి పెట్టేసింది.

“అన్నీ ఒకలాగే ఉన్నాయే” అంది.

మా అన్న కొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అతని కళ్లూ ఆ కుప్ప మీదే ఉన్నాయి, నేను చూశాను.

మా అమ్మాయి నగల మీద చెయ్యి వెయ్యలేదు. ఆవిడ పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టింది.

“మీ అమ్మ ఏ పని సేసీదమ్మా?”

“ఏటి సేత్తాది. ఎండుసేపలమ్మీది. బుట్ట నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగీది.”

“బుట్ట ఏ సేత్తో పట్టుకునీది?”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. ఎడం చెయ్యి దానంతటదే పైకి లేచి, నెత్తి మీద బుట్ట అంచు పట్టుకున్నట్టు నిలిచింది. “ఇలగ” అంది. “కుడిసెయ్యి నా కోసం. నాను సంకలో ఉండీదాన్ని.”

ఆ లేచిన చెయ్యి ఎక్కడ ఒరుసుకుంటుందో నాకూ కనిపించింది. జబ్బ సరిగ్గా ఎడమ చెవికి తగులుతోంది. మా అమ్మాయి కుప్పలోంచి పచ్చ చిలుము పట్టినవి వేరు చేసింది. వాటిలో ఒక్కొక్క జతా తీసి రెండు జూకాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎంతసేపో. ఆఖరికి ఒక జత తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. ఒక జూకా అంచు గుండ్రంగా బాగానే ఉంది. రెండోదాని అంచు ఒక పక్క నున్నగా అరిగి, పల్చబడి, లోపలికి వాలి ఉంది.

“ఇవేమో సూడమ్మా” అంది. గట్టిగా అనలేదు.

ఆవిడ అరిగినదాన్ని చూసి చాప మీద పెట్టింది. బాగున్న రెండోదాన్ని తీసుకుని, కింద అంచు చుట్టూ వేలితో తడుముతూ వచ్చింది. ఒకచోట వేలు ఆగింది. అక్కడ రెండు చిన్న సొట్టలు, ఒకదాని పక్కన ఒకటి. వాటిని మా అమ్మాయి ఎన్నోసార్లు చూసిందట, ఏమిటో తెలియలేదట. మా వదినకూ తెలియలేదట.

“నా పల్లే ఇవి” అంది ఆవిడ. “సంకలో ఉండి కొరికీదాన్నంట. అమ్మ సెప్పి సెప్పి నవ్వీది.”

మా అమ్మాయి చుబుకం పట్టుకుని అంది, “ఇవే. ఇవేనే తల్లీ.”

మా అమ్మాయి ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట అది. పెద్దమ్మ నోట రాలేదు, ఆ నగ మనిషి నోట వచ్చింది. అది కళ్లు తుడుచుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. మా వదిన పోయి ఇంకా నెల తిరగలేదు, ఆ అరుగు మీద నిలబడి నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. మీరేమనుకున్నా సరే, అలాంటి పిల్లకు తండ్రిని నేను. నా ఏడుపంతా కర్మ రోజునే అయిపోయింది, ఇది మా వదిన లెక్కలో నాకు రావలసిన నవ్వు.

మా అన్న కొడుకు ఫోన్ తీశాడు. బండివాడితో, “రాకు బాబూ. ఇక్కడ సరుకేటీ నేదు” అన్నాడు. అన్ని డబ్బాలు ఎదురుగా పెట్టుకుని సరుకేమీ లేదన్నాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, ఒక్కో డబ్బా ఎత్తి లోపలికి మొయ్యడం మొదలుపెట్టాడు. కొట్టు ఇప్పుడు మధ్యాహ్నాల్లో మా అమ్మాయి తెరుస్తోంది. తెలియనివి చాలా ఉన్నాయి. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మీ అమ్మ ఎలా నడిచేది, ఏ పక్కకు తిరిగి పడుకునేది అని అడుగుతోంది. ఆ అడగడం పెద్దమ్మ నేర్పలేదు. దానికదే కనిపెట్టింది. రాసేచోట నేను ఇది చెప్పకుండా ఉండలేను.

ఆ రోజు బారువ ఆవిడకు జూకాలు కాగితంలో చుట్టి ఇవ్వబోతే వద్దంది. “సెవులకెట్టుకునే ఎల్తాను. అప్ప అలగే తడిమి సూత్తాది” అంది. మా అమ్మాయే మర తిప్పి పెట్టింది. నేను సందు మొదటి దాకా సాగనంపాను. ఆటో కదిలింది గాని, మలుపులో జీడిపిక్కల బస్తాలు దించుతున్న లారీ అడ్డంగా ఉండి ఆగిపోయింది. ఆవిడ పక్కకు వంగి, డ్రైవరు అద్దంలో తన చెవి కనపడుతుందేమోనని మెడ ఇటూ అటూ తిప్పుతోంది. కనపడడం లేదు. డ్రైవరు వెనక్కి చూడకుండానే చెయ్యి బయటికి చాపి, అద్దాన్ని ఆవిడ వైపు తిప్పి, లారీ కదిలినా కాసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు.